అన్న నాకొక్కదానికే చెప్పారనుకున్న మాట

అన్న పోయారన్న కబురు నాకు మా ఆఫీసులో పనిచేసే పొన్నేరి అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. పొద్దున కే.జీ.కండిగైలో మడికి మోటారు వేసి వచ్చి, ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. గుండె ఆగిందన్నారు. ఏడుపు కంటే ముందు నాకొక ఆలోచన వచ్చింది, చెబితే మీరు నన్ను తిట్టుకుంటారు. ఈ కబురు నాకంటే ముందు ఆమెకెలా తెలిసింది? మాది తిరుత్తణి, అన్న ఊరికి పక్కనే. ఆమెది ఎక్కడో పొన్నేరి.

అన్న నాకు తోడబుట్టినవారు కాదు. తిరువళ్లూరులో మేం పనిచేసే ఆఫీసులో సర్వర్లన్నీ చూసుకునే సీనియర్. మేనేజరు మొదలుకొని టీ తెచ్చే ఆమె దాకా అందరికీ ఆయన అన్నే. నేను నేతపనివాళ్ల ఇంట్లో పుట్టి, కంప్యూటర్ చదువు చదివి ఆయన దగ్గర పనిలో చేరాను. రోజూ ఒకే రైల్లో వెళ్లి వచ్చేవాళ్లం. అందుకని ఆయన మీద మిగతావాళ్ల కంటే నాకొక పాలు ఎక్కువ హక్కుందని నా నమ్మకం.

మా పనేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఆత్తిపట్టు వైపు కరెంటు ప్లాంటు పనులకు మనుషుల్ని పంపే ఒక కాంట్రాక్టరు మా కస్టమరు. అక్కడి సర్వరులో పనివాళ్ల హాజరు చేరుతుంది. సాయంత్రమయ్యేసరికి ఆ హాజరంతా దానంతటదే తిరువళ్లూరు సర్వరుకు రావాలి. మధ్యలో కూర్చుని పాస్‌వర్డ్ కొట్టే మనిషి ఉండడు. అందుకని రెండు కీలను జోడీగా తయారుచేస్తారు. ఒకటి పంపే సర్వరులో గుట్టుగా ఉంటుంది, దాని జోడీ అందుకునే సర్వరులో ఉంటుంది. రెండూ కుదిరితే తలుపు తెరుచుకుంటుంది. కుదరకపోతే పాస్‌వర్డ్ అడుగుతూ నిలబడిపోతుంది. ఎందుకో మాత్రం చెప్పదు.

నాకు మొదటిసారి అలాగే నిలబడిపోయింది. కీని చదవడానికి సర్వరుకు అనుమతి చాలడం లేదేమో అనుకున్నాను. ఆ ఫోల్డరు మొత్తాన్నీ ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా మార్చొచ్చు అని బార్లా తెరిచి పెట్టేశాను. మా ఇంట్లో అంతే మరి. మగ్గం ఉన్న ఇంటికి పగలు తలుపు వేసే అలవాటుండదు. నూలు తెచ్చేవాళ్లు, చీర తీసుకెళ్లేవాళ్లు, ఊరికే వచ్చి కూర్చునేవాళ్లు, అందరూ నేరుగా లోపలికే వస్తారు. తెరిచి ఉంటే పని జరుగుతుందన్నది మాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. సర్వరు మాత్రం ఇంకా బిగుసుకుంది. అన్న చూసి పగలబడి నవ్వారు.

"ఏమ్మా, మగ్గం గుంత దాకా ఊరినంతా రానిచ్చినావే! వాడు బెదిరిపోయినాడు. ఇట్ల తెరిచి పెట్టిన ఇంట్లో బీగంచెవి, అదే నీ కీ, ఎవడైనా మార్చేసి ఉంటాడు, దీన్ని నేను నమ్మను అంటా ఉండాడు. నీకొక్కదానికే ఉంచుకో. మిగిలినోళ్లకి మూసెయ్."

మూశాను. వెంటనే లోపలికి రానిచ్చింది.

ఆ సాయంత్రం రైల్లో ఆయన చెప్పిన మాట ఇది. "పాస్‌వర్డ్ అడిగితే పంపేవాని దగ్గర తల బాదుకోవద్దు. యాడికి పోతా ఉండాదో ఆ సర్వరు లాగ్ చూడు. తలుపు కొట్టేవానికి ఏం తెలుస్తాది? తియ్యనోణ్ణి అడుగు." ఏ సర్వరైనా తన దగ్గర జరిగిందంతా లాగ్‌లో రాసుకుంటుంది. ఈ మాట నాకు ఎన్నిసార్లు అక్కరకొచ్చిందో చెప్పలేను. అది నా సొంత ఆస్తి అనుకున్నాను.

తర్వాత పొన్నేరి అమ్మాయి చేరింది. ఆమె కీని ఫోన్ మెసేజీలో పెట్టుకుని, అక్కడి నుంచి తీసి అతికించింది. ఒకే వరుసలో ఉండాల్సింది మధ్యలో విరిగి రెండు వరుసలైంది. అంతకంటే చిన్న తప్పు ఉండదు. దానికి అన్న కుర్చీ లాక్కుని ఆమె పక్కన మధ్యాహ్నమంతా కూర్చున్నారు. నాకైతే ఒక మాట విసిరేసి టీకి వెళ్లిపోయే మనిషి. నేను ముఖం ముడుచుకుంటే "కొత్త పిల్ల, పోనీ విడుమ్మా" అన్నారు. నేనూ ఒకప్పుడు కొత్తదాన్నే కదా! ఆమె తెచ్చే నిమ్మకాయ అన్నం కూడా మెచ్చుకుని తినేవారు. మా ఇంటి పులుసన్నం ఏం పాపం చేసిందో నాకు నేటికీ తెలియదు.

ఆయన అలవాట్లు చెప్పుకోవాలి. రాత్రిపూట పని ఆగిపోయి మేం ఇంటికి ఫోన్ చేసినా విసుక్కునేవారు కాదు. ఎంటర్ నొక్కే ముందు కీబోర్డు మీద నుంచి చెయ్యి తీసేసి, కొట్టిన వరుసను పెదవులతో ఒకసారి చదువుకునేవారు. దేన్నయినా మారిస్తే, స్క్రీను మీద ఉన్న కిటికీ మూయకుండా ఇంకొకటి తెరిచి, కొత్తగా లోపలికి వెళ్లగలుగుతున్నామో లేదో చూసేవారు. "బయటికొచ్చి వాకిలేసుకుంటే మళ్లా ఎట్ల పోతావు?" అనేవారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని దానికోసమే వెతికేవారు. నాకు కోపమొచ్చిన రోజుల్లో కూడా అది చూస్తే నవ్వొచ్చేది.

ఆయన పోయాక పై ఆఫీసువాళ్లు రివాజు ప్రకారం సర్వరులో ఆయన ఖాతా మూసేశారు. ఆ సాయంత్రం ఆత్తిపట్టు హాజరు రాలేదు. నేనూ పొన్నేరి అమ్మాయీ ఒకే స్క్రీను ముందు కూర్చోవాల్సి వచ్చింది. పాస్‌వర్డ్ అడుగుతోంది. నేను నోరు తెరిచేలోపే ఆమె అంది.

"మన సర్వరు లాగ్ చూద్దాం అక్కా. తలుపు కొట్టేవానికి ఏం తెలుస్తాది? తియ్యనోణ్ణి అడుగు."

అక్షరం పొల్లు పోలేదు. నా ఒళ్లు మండిపోయింది.

"ఆ మాట నీకెవరు చెప్పినారు?"

"ఇంకెవరు? అన్నే. నాకోసమని చెప్పినాడు."

లాగ్‌లో తేలింది. కీలు రెండూ సరిగానే ఉన్నాయి, ఆ ఖాతాయే మూసి ఉంది. అన్నాళ్లుగా హాజరంతా అన్న పేరు మీదే వస్తోందన్నమాట. ఏ పనినీ మనిషి పేరు మీద పెట్టొద్దని మాకు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పిన మనిషి, తాను మొదట్లో పెట్టిన పనిని అలాగే వదిలేశారు. ఆయనుంటే కడిగేసేదాన్ని. కొత్త ఖాతా తెరవాలి. దాని మీద తన పేరు ఉండాలని ఆమెకుంది, నా పేరు ఉండాలని నాకుంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చివరికి 'హాజరు' అని పెట్టాం. ఫైలు వచ్చింది. పని జరిగిందన్న సంతోషం కంటే, ఆయన నాకంటూ మిగిల్చింది ఏమీ లేదన్న దిగులే నాకు ఎక్కువైంది.

కర్మాంతరానికి ఇద్దరం కే.జీ.కండిగై వెళ్లాం. భోజనాలయ్యాక చుట్టాలు సర్దుకుని వెళ్లిపోయారు. వదిన, అంటే అన్న భార్య, మమ్మల్ని వెనకింట్లో చాప మీద కూర్చోబెట్టి తానూ కూర్చుంది. ఉన్నట్టుండి అంది.

"మీరిద్దరంటే నాకెంత కుళ్లో తెలుసా?"

పొన్నేరి అమ్మాయి చాప మీద కాస్త వెనక్కి జరిగింది.

"ఇంటికొస్తే నాతో ఉప్పుండాదా, పప్పుండాదా, అంతే మాట. మీ ఫోనొస్తే మాత్రం గంటలు గంటలు. నేను ఈడ అంట్లు తోముకుంటా వింటా ఉంటి. ఒకోసారి ఆ ఫోను తీసి బాయిలో పారేద్దామా అనిపించేది."

కోపంగా అనలేదు. దాచుకోవడానికి ఓపిక లేనట్టు అంది. నేను ఇన్నేళ్లుగా పొన్నేరి అమ్మాయిని చూసి రగిలిపోయాను. నన్ను చూసి రగిలిపోయే మనిషి ఒకరున్నారని ఒక్కసారీ తట్టలేదు.

"మీ అన్న మాటలే విన్నాను నేను. అటుపక్క మీరేం అడిగేవాళ్లో ఒక్కనాడూ వినలేదు. ఇప్పుడు అడగండి. అప్పుడెట్ల అడిగేవాళ్లో అట్లే. వింటాను."

పొన్నేరి అమ్మాయి నా వైపు చూసింది, నువ్వే మొదలుపెట్టు అన్నట్టు. మొదటిసారి నాకు వంతు ఇచ్చింది. నేను గొంతు సవరించుకున్నాను.

"అన్నా, పాస్‌వర్డ్ అడుగుతా ఉండాది."

వదిన గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. అన్న నిదానమే గొంతులోకి తెచ్చుకుని అంది.

"సరి. బెదరొద్దమ్మా. ఫోను పెట్టెయ్యొద్దు. నువ్వు చూడు, నేను ఉండాను."

ఆయన ప్రతిసారీ ముందు ఆ మాటే అనేవారు. మేమిద్దరం ఆయన నేర్పిన చదువు కోసం పోట్లాడుకుంటూ ఆ మాట మరిచిపోయాం. పొన్నేరి అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. వదిన కళ్లు తెరవకుండా నా తర్వాతి మాట కోసం చూస్తోంది.

నాకప్పుడు అడగాల్సిన సందేహం ఒక్కటీ లేదు. అయినా ఇంకొకటి అడిగాను.