దయ్యాలు రాని మూల

ఎనభైల్లో తిరుపతి బస్టాండు ఎదుట ఒక వీడియో గేముల అంగడి ఉండేది. కొండమీదికి బస్సు నడిపే డ్రైవరొకాయన డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే అక్కడికి వచ్చేవాడు. చుక్కలు తింటూ సందుల్లో తిరిగే పసుప్పచ్చ నోటి ఆట ఆయనది. తరిమే దయ్యాలు రాని మూలొకటి కనిపెట్టి, బొమ్మను అక్కడ నిలిపేసి ఊరికే కూర్చునేవాడు.

"ఆడు అన్నా, పాయింట్లొస్తాయి," అన్నాను ఒకసారి, నా వంతు కోసం వెనక నిలబడి.

"పొద్దన్నుంచీ మలుపులే తిప్పినానబ్బా. ఈడన్నా రొంతసేపు నిలబడనియ్యి."

ఒక సాయంత్రం ఆయన అలాగే నిద్రపోయాడు. వెనకున్న కుర్రాళ్లు గొడవ చేశారు. లేపడానికి వచ్చిన అంగడాయన ఆ మొహం చూసి ఆగిపోయాడు. మిషను శబ్దం తగ్గించాడు.

"తెల్లారితే మళ్లా జనాన్ని కొండెక్కించల్ల ఈయప్ప. పోండి, వేరేది ఆడుకోండి," అన్నాడు.