కొనకనమిట్ల దగ్గర ఆగిన లారీ

మంగళవారం మధ్యాహ్నం మా వాట్సాప్ గ్రూపులో ఆపా నంబరు నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. బడిలో అప్పుడే భోజనాల గంట కొట్టారు. ఆపా ఎప్పుడూ టైపు చేసేది కాదు, అన్నీ వాయిస్ మెసేజ్‌లే. నాలుగు రోజులుగా ఆమె గొంతు వినలేదు కాబట్టి ఎంగిలి చేత్తోనే సంతోషంగా నొక్కాను. వినిపించింది ఆమె గొంతు కాదు, ఆమె భర్తది. "మీ ఆపా పోయిందమ్మా. మీకందరికీ ఎట్ల చెప్పాల్నో తెలీక ఇందులో చెప్తా ఉండా." అంతే. ఆ తర్వాత కాసేపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వచ్చి ఆగిపోయింది. పదకొండు మందిమి ఉన్న గ్రూపు అది.

ఆపా అంటే అక్క. అట్లా పిలిచేదాన్నే గానీ, ఆమె నాకు చుట్టం కాదు. మార్కాపురంలో మా వీధి చివర చీరలకు ఫాల్స్ కుడుతూ, మ్యాచింగ్ జాకెట్ గుడ్డలు అమ్మే చిన్న దుకాణం ఆమెది. అరవై దాటిన మనిషి. నేను హనుమంతునిపాడు దగ్గర ఒక పల్లె బడిలో టీచర్‌ని. మా ఇద్దరినీ కలిపింది చీరలు కాదు, బొమ్మ బండ్లు. జపాన్ నుంచో జర్మనీ నుంచో వచ్చే, అరచేతిలో పట్టే లోహపు బండ్లు. తలుపు తీస్తే లోపల స్టీరింగు కూడా ఉంటుంది. పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వం, మేమే దాచుకుంటాం. నవ్వేవాళ్లు నవ్వుకోండి, మాకు అలవాటే.

ఒకసారి ఫాల్ కుట్టించుకోవడానికి వెళ్లి, దారపు రీళ్ల వెనక నీలం రంగు లారీ ఒకటి కనిపిస్తే చెయ్యి చాపాను. "ముట్టొద్దు!" అని గద్దించింది ఆపా. నాకూ రోషం వచ్చింది. "ముట్టనులే. అయినా ఇది కంపెనీ రెండోసారి వేసిన బండి. మొదటిసారి వేసినదానికి అద్దాలు నల్లగా ఉండేవి" అన్నాను. ఆమె కత్తెర కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "కూచో చెల్లీ" అంది. ఆ రోజు ఫాల్ కుట్టనే లేదు. మర్నాడు నేను వేరే చీర కట్టుకుని బడికి పోయాను.

నాకు బస్సులంటే ఇష్టం. ఆపా మాత్రం లారీలు తప్ప ఇంకేమీ కొనేది కాదు. ఆమె భర్త, నేను భాయ్ అని పిలిచే ఆయన, ముప్పై ఐదేళ్లు లారీ డ్రైవరు. ఇక్కడి పలకల లోడు ఎత్తుకుని ఎక్కడెక్కడికో పోయి వచ్చేవాడు. "ఆయన తోలిన బండి ఒక్కటి గూడ నేను ఎక్కి చూడలే. ఎప్పుడు చూసినా వెనక తలుపే కనపడేది, అది గూడ పోయేటప్పుడు. ఇవైతే నా చేతిలో ఉంటయ్, యాడికీ పోవు" అనేది.

గ్రూపు పెట్టింది నేను, 'బుడ్డ బండ్లు' అని పేరు పెట్టింది ఆమె. గిద్దలూరులో కళ్లజోళ్ల దుకాణం ఆయన, దోర్నాలలో హోటల్ నడిపే ఆయన, పొదిలిలో లెక్కల సారు, ఇట్లా ఒక్కొక్కరే చేరారు. పొద్దున లేస్తే ఎవరో ఒకరు ఏ కంపెనీ ఏ బండి వేయబోతోందో చెప్పేవారు. ఆ బండి టైర్లు రబ్బరువా ప్లాస్టిక్‌వా అని సాయంత్రం దాకా వాదులాట. బంధువుల్లో ఒకావిడ ఆపాను దుకాణంలోనే నిలదీసింది, ఈ వయసులో బొమ్మలేంటని. "నువ్వు బంగారం కొని బ్యాంకులో పెట్టి తాళం వేస్తావు. నేను బండి కొని రోజూ చూసుకుంటా. ఎవరికి తిక్కో నువ్వే చెప్పు" అంది ఆపా, దారం కొస కొరుకుతూ.

ప్రీ ఆర్డర్ అంటే తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. బండి ఇంకా తయారు కాదు. ఫొటో మాత్రం చూపిస్తారు. నచ్చితే ఇప్పుడే మన పేరు రాయించుకోవాలి, లేకపోతే తర్వాత దొరకదు. ఆరు నెలలకో, ఏడాదికో అది తయారై, ఓడెక్కి, చెన్నైలో దిగి, మన ఇంటికి వస్తుంది. ఆ మధ్య కాలమంతా ఎదురుచూపే. మేమందరం ఆ ఎదురుచూపును తిట్టుకునేవాళ్లం. ఆపా ఒక్కతే తిట్టేది కాదు. "వచ్చినాక ఏముంది చెల్లీ, దుమ్ము తుడవాల. వచ్చే దాకా ఉన్నదే బాగుంటది" అనేది.

బండి వచ్చిందంటే దాన్ని ఎవరూ ఒంటరిగా విప్పకూడదు. ఇది ఆపా పెట్టిన రూలు. ఆదివారం ఆమె దుకాణంలో చేరాలి, రాలేనివాళ్లు వీడియోలో చూడాలి. అట్టపెట్టె టేపు ఆమే కోసేది. తర్వాత రిజిస్ట్రేషన్. మార్కాపురం పలక ఒకటి తెచ్చి, దాని మీద బలపంతో పాత ప్రకాశం జిల్లా నంబరు, ఏపీ ఇరవై ఏడు అని రాసి, పక్కన ఓనరు పేరు రాసి, ఆ పలక మీద బండిని నిలబెట్టి ఫొటో తీసేది. ఆ ఫొటో గ్రూపులో పడేదాకా బండి నాదని చెప్పుకోవడానికి లేదు. ఒకసారి దోర్నాల ఆయన తొందరపడి ఇంట్లోనే విప్పేసుకుంటే, నెల రోజులు అతని బండిని 'దొంగబండి' అని పిలిచింది.

రెండేళ్ల కింద ఆమె కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఇది కొత్త సంగతి కాదు, ఏ వీధిలో అడిగినా ఒకరు దొరుకుతారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. బెడ్డు మీద నాలుగు గంటలు కదలకుండా పడుకుని, సూది లేని చేత్తో ఫోన్ పట్టుకుని మాతో మాట్లాడేది. మెసేజ్ వెనక మిషన్ బీప్‌మని కూసేది. "ఈ మిషను గూడ బొమ్మగా వేస్తే కొంటావా చెల్లీ?" అని అడిగింది ఒకరోజు. నవ్వాను గానీ, ఫోన్ పెట్టేశాక ఏడ్చాను.

అప్పుడే ఒక జపాన్ కంపెనీ మన పాత రకం లారీని వేస్తున్నట్టు ప్రకటించింది. ముందుకు ముక్కు పొడుచుకొచ్చిన ఇంజను, చెక్క బాడీ, వెనక హారన్ కొట్టమని రాత. భాయ్ మొదట తోలింది అట్లాంటి లారీనే. ఫొటో చూసి ఆపా ఆ రోజు ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు, నేరుగా ఫోన్ చేసింది. "నా పేరు రాయించు చెల్లీ. ఎంత ఆలస్యమైనా సరే" అంది. ఆమెకు ఒక మెయిల్ ఐడీ చేసి, ఆ ఆర్డరు నేనే పెట్టించాను. నాకూ ఒకటి పెట్టుకున్నాను.

వేసవిలో రావాల్సింది. వేసవి రాకముందే నాకు మెయిల్ వచ్చింది, ఇంకో నాలుగు నెలలు పడుతుందని. వేచి ఉంటారా, రద్దు చేసుకుంటారా అని కింద రెండు మీటలు. అప్పటికే ఆపా బాగా చిక్కిపోయింది. దుకాణం షట్టరు పైకెత్తే బలం లేదు. ఆ సాయంత్రం చూడ్డానికి వెళితే మంచం మీద నుంచే అడిగింది. "మన లారీ యాడుంది చెల్లీ?"

నాలుగు నెలలు అనడానికి నాకు నోరు రాలేదు. "బయల్దేరింది ఆపా. ఓడెక్కింది" అన్నాను.

అట్లా మొదలైంది నా అబద్ధం. ఆపాకు వాట్సాప్ తప్ప ఇంకేమీ రాదని, మెయిల్ తెరవడం అసలే తెలియదని నా నమ్మకం. వారం వారం ఓడను నడిపించాను. సింగపూర్ దాటించాను. చెన్నైలో కస్టమ్స్ వాళ్ల చేతిలో మూడు వారాలు ఉంచాను. తర్వాత దారి లేక రోడ్డెక్కించాను. నెల్లూరు వచ్చిందంటే, "కావలి దగ్గర టీకి ఆగుంటాడు డ్రైవరు" అనేది ఆమె. ఒంగోలు వచ్చిందంటే, "ఆ సర్కిల్‌లో ట్రాఫిక్ చానా ఉంటది, మెల్లగా రానీ" అనేది. ముఖంలోకి కాస్త రంగు వచ్చేది. ఆ రంగు చూసి నేను ఇంకో ఊరు ముందుకు నడిపేదాన్ని. పొదిలి సారుకు సంగతి చెబితే ఆయన పాపం బస్టాండు దగ్గర ఆగిన కొరియర్ వ్యాను ఫొటో తీసి పెట్టాడు, మన బండి ఇందులోనే ఉండొచ్చని.

పొదిలి నుంచి మార్కాపురం ఎంతసేపు? గంటన్నర. ఇంక ఏ ఊరు చెప్పాలో తెలియక తల పట్టుకుని కూర్చుంటే, ఆపానే ఫోన్ చేసింది. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "పొదిలిలోనే రెండు దినాలు ఉండనీ చెల్లీ. తొందరపెట్టొద్దు." మందుల మత్తులో అంటోందనుకున్నాను. గండం గడిచిందని కూడా అనుకున్నాను, సిగ్గు లేకుండా. రెండు రోజులు కాదు, ఆరు రోజులు పొదిలిలోనే ఉంచి, శుక్రవారం నాడు మార్కాపురం దారి మధ్యలో ఉన్న కొనకనమిట్ల దగ్గరికి తెచ్చాను. టైరు పంక్చరైందని చెప్పాను. "అట్లనా, స్టెప్నీ ఉంటదిలే" అంది. నాతో అన్న ఆఖరి మాట అదే. మంగళవారానికి మనిషి లేదు.

ఆమె ఇంట్లో ఆడవాళ్ల మధ్య కూర్చున్నంతసేపూ నాకు ఒకటే దిగులు. తయారే కాని బండి కోసం గుమ్మం వైపు చూస్తూ పోయింది, నన్ను నమ్మి పోయింది. అక్కడికి వచ్చినవాళ్లందరూ ఆపా కోసం ఏడ్చారు. నేను సగం నా తప్పుకే ఏడ్చాను. ఎవరికీ చెప్పుకోలేదు.

ఆపా పోయి నలభై రోజులు కాకముందే ఒకరోజు భాయ్ కబురు పెట్టాడు. వెళ్లాను. ఆపా ఫోన్ నా చేతికిచ్చి, "ఏందో ఇంగ్లీషులో అడుగుతా ఉంది, చూడమ్మా" అన్నాడు. బొమ్మల కంపెనీ మెయిల్. బండి మళ్లీ ఆలస్యం. వేచి ఉంటారా, రద్దు చేసుకుంటారా. అది కొత్త మెయిల్. దాని కింద పాతవి రెండున్నాయి, రెండూ తెరిచి చదివినవే. మొదటిది వేసవి ముందు నాకు వచ్చిన రోజునే వచ్చింది. ఎవరితో చదివించుకుందో గానీ, ఆ రోజే ఆమె 'వేచి ఉంటాను' నొక్కినట్టు అందులోనే ఉంది. రెండోదానికీ అదే నొక్కింది. అప్పటికి నా లారీ నెల్లూరులో ఉంది.

కింద కూర్చుని, చెప్పాల్సిందంతా ఆయనకు చెప్పేశాను. ఓడ, చెన్నై, ఒంగోలు, పంక్చరు, అన్నీ. తిట్టినా బాగుండు అనిపించింది. ఆయన తిట్టలేదు. గడ్డం నిమురుకున్నాడు.

"నేనూ అట్లనే చెప్పేటోణ్ణి" అన్నాడు. "ముప్పై ఐదేండ్లు. ఒంగోలులో ఉండి, ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, పొదిలి దాటినా, వస్తా ఉండా అనేటోణ్ణి. పిల్లోళ్లు నిద్రపోకుండా కూచునేటోళ్లు. ఆమె మాత్రం నా మాట నమ్మి ఒక్కనాడు గూడ ఎసరు పెట్టలే. వీధిలో హారన్ వినపడినాకనే పొయ్యి వెలిగించేది."

"మరి మీరు అబద్ధం చెప్తున్నారని ఎప్పుడూ అనలేదా భాయ్?"

"అనలే. యాడున్నావు అని అడగడం గూడ మానలే. నువ్వు ఊరూరు చెప్తా ఉంటే నాతో అనింది, చెల్లి నీకంటే బాగా తోలతా ఉంది, ఇంటికి మాత్రం తెచ్చేట్టు లేదు అని." నవ్వబోయి, భుజం మీది తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. నేను ఆయన్ని అట్లా చూడటం అదే మొదటిసారి.

కాసేపటికి తువ్వాలు తీసి, ఫోన్ వైపు చూపించి అడిగాడు. "ఇప్పుడు యాడుంది అది?"

"జపాన్‌లోనే ఉంది భాయ్. ఇంకా తయారు కాలేదు. ఎన్ని నెలలో తెలియదు" అన్నాను. ఆ లారీ ఎక్కడుందని అడిగితే ఆ ఇంట్లో నేను చెప్పిన మొదటి నిజం అది.

"ఏది నొక్కాలమ్మా, ఉంటామని చెప్పేదానికి?" అన్నాడు. చూపించాను. తన వేలితోనే నొక్కాడు.

మొన్న బడి నుంచి వస్తుంటే వాళ్ల ఇంటి ముందు ఆగాను. భాయ్ గేటు లోపల ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. కొరియర్ వాళ్లు మధ్యాహ్నం పూట వస్తారని ఎవరో చెప్పారట. ఇంట్లో మనిషి లేకపోతే పార్శిలు వాపసు పోతుందట. ఇంకా నెలలు పడుతుందని చెప్పాను కదా భాయ్ అన్నాను.

"తెలుసమ్మా" అన్నాడు. "నాకు ఈ పని చాత కాదు. ఎప్పుడూ పోయేటోణ్ణే గానీ, కూచుని చూసేటోణ్ణి కాదు. అదంతా ఆమే చేసేది."

అంతలో వీధి మొదట్లో ఏదో బండి ఆగిన చప్పుడైంది. ఆయన గేటు పట్టుకుని లేచి నిలబడ్డాడు.