కాలు పెట్టిన చోటు

మొరావా నది ఒడ్డునున్న ఆ ఊరి బాస్కెట్‌బాల్ జట్టులో దేసిమిర్ లుకొవాత్స్‌కు బుట్టలో బంతి వేసేవాడిగా ఎప్పుడూ పేరు లేదు. ఎదుటి జట్టులో బాగా ఆడేవాడు ఎవడో చూసి, వాణ్ణి ఆడనివ్వకుండా చేయడమే అతని పని. జీతం అందుకే ఇచ్చేవారు. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చేసరికి ముక్కు విరిగి పక్కకు ఒరిగింది, ఎడమచేతి చిటికెనవేలు వంకర తిరిగి అలాగే ఉండిపోయింది. భార్య నెవెంకా జట్లతోపాటు ఊళ్ళు మారలేక, కొన్నాళ్ళు ఉండి వస్తానని నోవీసాద్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

ఆ పని నేర్పినవాడు ముసలి కోచ్ మిలుతిన్. రిఫరీ చూపు పక్కకు తిరగ్గానే ఎదుటివాడి నిక్కరు ఎలా పట్టుకోవాలో, తుంటితో ఎలా నెట్టాలో, పక్కటెముకల మీద మోచెయ్యి ఎంతసేపు ఆనించి ఉంచవచ్చో ఓపిగ్గా నేర్పించాడు.

"ఇది మోసం కాదా మాస్టారూ?" అని దేసిమిర్ కుర్రతనంలో ఒకసారి అడిగాడు.

"కాదు. నువ్వు వాడి నిక్కరు పట్టుకుంటావ్, వాడు నీ డొక్కలో పొడుస్తాడు. ఇద్దరికీ తెలుసు. దాన్ని ఆటంటారు. కాళ్ళు నేలమీదున్నంతసేపు వాడు నీవాడు, నీ ఇష్టం. పైకి ఎగిరాడా, ఇక వాడు వాళ్ళమ్మ బిడ్డ. దిగే చోటు వదిలెయ్."

మిలుతిన్ పోయినప్పుడు శవపేటికకు భుజం పట్టినవాళ్ళలో దేసిమిర్ ఒకడు. తిట్లు తిన్నాడు, తిట్టాడు, ఎన్నోసార్లు బయటికి గెంటించుకున్నాడు గాని ఆ ఒక్కమాట మాత్రం ఎన్నడూ దాటలేదు.

ఏప్రిల్‌లో ఆ ఏటి చివరి ఆట వచ్చింది. ఓడితే జట్టు కింది లీగుకు పడిపోతుంది. ఎదుటి జట్టులో వుకాన్ అని ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు ఉన్నాడు. సన్నగా ఉంటాడు, ఎంత దూరం నుంచి వేసినా బంతి బుట్టలోనే పడుతుంది. దేసిమిర్ తనకు తెలిసిన విద్యలన్నీ వాడి మీద ప్రయోగించాడు. కుర్రాడు నవ్వాడే తప్ప చిరాకు పడలేదు.

"చొక్కా వదులన్నా, చిరిగితే మా అమ్మ నిన్ను వెతుక్కుంటూ వస్తుంది" అన్నాడు ఒకసారి.

ఆట ముగియబోతుండగా దేసిమిర్ జట్టు రెండు పాయింట్లు ముందుంది. బంతి వుకాన్ చేతికి వచ్చింది. దేసిమిర్ ఒక అడుగు వెనకబడ్డాడు. మూడు పాయింట్ల గీత అవతల నుంచి కుర్రాడు ఎగిరాడు. దేసిమిర్ చెయ్యి పైకెత్తాడు గాని కళ్ళు బంతి మీద లేవు. నేల వంక చూశాడు. ఆ బూట్లు ఎక్కడ దిగుతాయో కనిపించింది. తన ఎడమకాలు అక్కడికి జరిపాడు.

కుర్రాడి చీలమండ విరిగిన చప్పుడు ఎవరికీ వినిపించలేదు. దేసిమిర్‌కు మాత్రం తన పాదంలోంచి తెలిసింది.

బంతి బుట్టలో పడలేదు. రిఫరీ మామూలు ఫౌల్ ఇచ్చాడు. వుకాన్‌ను మోసుకెళ్ళారు. వాడి బదులు వచ్చినవాడు ఫౌల్‌కు దక్కిన మూడు ఫ్రీ షాట్లలో ఒకటే వేయగలిగాడు. ఊరి జట్టు ఒక్క పాయింటుతో గట్టెక్కింది. జనం దేసిమిర్‌ను భుజాలకెత్తుకున్నారు. తరువాత లీగువాళ్ళు రికార్డింగు వేసి చూసి, ఆలస్యంగా అడ్డుపడటమే తప్ప దురుద్దేశం లేదన్నారు. అందులో అతని వీపు కనిపిస్తుంది, కళ్ళు కనిపించవు.

జట్టు కెప్టెన్ రాదోయే అతనికి ప్రాణస్నేహితుడు. రాదోయే కూతురి బాప్తిస్మానికి జ్ఞానపితగా నిలబడింది దేసిమిరే. అప్పటినుంచి ఒకరినొకరు 'కుమే' అనే పిలుచుకుంటారు. ఒక మధ్యాహ్నం కాఫీ దగ్గర దేసిమిర్ నోరు విప్పాడు.

"కుమే, నేను కిందికి చూశాను."

"దేన్ని?"

"వాడు దిగే చోటుని."

రాదోయే పక్క బల్లలవైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నీకు వయసైపోయింది, కాళ్ళు లాగట్లేదు. అడుగు ఆలస్యమైంది. జరిగింది అంతే."

"అంతే కాదు."

"ఇంతమంది ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతోంది ఆ ఆట వల్ల. నీ కళ్ళు ఎటు చూశాయో నాకు చెప్పకు కుమే. చెప్తే నేనేం చెయ్యాలి?"

మరుసటి వారం నుంచి జట్టు బస్సులో రాదోయే అతని పక్కన కాకుండా వెనక సీట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. కాళ్ళు చాపుకోవడానికి వీలుగా ఉంటుందన్నాడు.

మే నెలలో జుర్జెవ్‌దాన్ వచ్చింది. అది దేసిమిర్ ఇంటి పునీతుడి పండుగ. ఆ పండుగకు ఎవరినీ పిలవరు, రావలసినవాళ్ళు వాళ్ళే వస్తారు. దేసిమిర్ కొవ్వొత్తి వెలిగించి, సిలువ గుర్తున్న రొట్టె, ఉడికించిన గోధుమలు, గొర్రెమాంసం బల్ల మీద సర్ది, ఇంటి యజమాని నిలబడే ఉండాలి గనుక నిలబడ్డాడు. పక్కింటి దంపతులు వచ్చి చెంచాడు గోధుమలు నోట్లో వేసుకుని వెళ్ళిపోయారు. పిల్లకు జ్వరమని రాదోయే ఫోన్ చేశాడు. జట్టులో ఇంకెవరూ రాలేదు.

సాయంత్రానికి బెల్లు మోగింది. గుమ్మంలో ఎవరో కొత్తమనిషి, మెడలో జట్టు కండువా, చేతిలో ఇంట్లో కాచిన పండ్ల సారా, రకియా సీసా.

"పండగ శుభాకాంక్షలు ఇంటాయనా. నా పేరు బొరివోయే, బస్సు డిపోలో మెకానిక్‌ని. నేనెవరో నీకు తెలీదులే."

పండుగనాడు వచ్చినవాణ్ణి ఎవరివని అడగరు. దేసిమిర్ కూర్చోబెట్టి వడ్డించాడు. బొరివోయే తృప్తిగా తిని, మూతి తుడుచుకుని ముందుకు వంగాడు.

"ఊళ్ళో అందరూ పొరపాటంటున్నారు. నేను ఆరోజు బుట్ట వెనకే కూర్చున్నా. నీ కళ్ళు చూశా."

దేసిమిర్ చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టాడు.

"మా డిపోలో చెప్పా, వీడురా మగాడంటే అని. ఊరికోసం అంత పని ఎవడు చేస్తాడు? నీ ఆరోగ్యానికి" అని గ్లాసెత్తాడు.

ఆ సంగతి కళ్ళారా చూసిన మనిషి లోకంలో ఒక్కడున్నాడు, వాడు దానికి మురిసిపోతున్నాడు. వచ్చినవాడు అతిథి. దేసిమిర్ గ్లాసుకు గ్లాసు తాకించి తాగాడు. గుమ్మందాకా సాగనంపాడు. తిరిగి వచ్చి, ఎవరూ ముట్టని కుర్చీలను బల్లకిందికి జరిపాడు.

ఆదివారం బయల్దేరి, వుకాన్ కాలికి చికిత్స తీసుకుంటున్న పునరావాస కేంద్రానికి వెళ్ళాడు. గేటు దగ్గర వాడి తండ్రి తీహొమిర్ సిగరెట్ కాలుస్తూ ఎదురయ్యాడు. వడ్రంగి, వెడల్పాటి చేతులు. దేసిమిర్‌ను చూడగానే పోల్చుకున్నాడు.

"ఎందుకొచ్చారు?"

"మీవాడితో ఒక మాట చెప్పాలి."

తీహొమిర్ అతని మొహంలోకి చూశాడు. చెప్పబోయేదేమిటో అర్థమైనట్టుంది.

"వాడు అది ప్రమాదం అనుకుంటున్నాడు. అలా అనుకుంటున్నాడు కాబట్టే మళ్ళీ ఎగురుతానంటున్నాడు. కావాలని చేశారని తెలిస్తే, ఎగిరిన ప్రతిసారీ కిందికి చూస్తాడు. మీ గుండె తేలికచేసుకోడానికి నా కొడుకే దొరికాడా?"

తీహొమిర్ సిగరెట్ కింద పడేసి నలిపాడు.

"వెళ్ళండి. అది మీ దగ్గరే ఉంచుకోండి."

శీతాకాలానికి వుకాన్ మళ్ళీ ఆటలోకి వచ్చాడు. మునుపటి వేగం లేదు గాని చేతి గురి అలాగే ఉంది. అదే హాల్లో దేసిమిర్ వాణ్ణి అడ్డుకోవలసి వచ్చింది. చెయ్యి చాచినా వాడు అందనంత దూరంలో దేసిమిర్ నిలబడ్డాడు.

"ఏంటన్నా, నాకేమన్నా అంటురోగమా? దగ్గరికి రా, చొక్కా పట్టుకో" అన్నాడు కుర్రాడు నవ్వుతూ.

దేసిమిర్ దగ్గరికి వెళ్ళలేకపోయాడు. బంతులు వరుసగా బుట్టలో పడ్డాయి. కోచ్ అతన్ని పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టాడు. ముసలాడైపోయాడని జనం జాలిపడ్డారు. వుకాన్ ఎగిరినప్పుడల్లా దేసిమిర్ బెంచీ మీద నుంచి వాడి పాదాలే చూశాడు, రెండూ నేలకు తగిలేదాకా.

ఆ ఏడాదితో ఆట మానేసి, ఊరి చివర కోరిందపండ్ల శీతల గిడ్డంగిలో పనికి చేరాడు. ఇప్పటికీ సెలవురోజు పొద్దున్నే నది పక్కనున్న ఖాళీ కోర్టుకు వెళ్తుంటాడు. బంతి వేసేవాడైతే ఒంటరిగా సాధన చేసుకోవచ్చు. ఎదుటివాణ్ణి అడ్డుకోవడం తప్ప ఏదీ రానివాడికి ఎదురుగా ఒక మనిషి కావాలి. కాసేపు బంతి నేలకు కొట్టి, చంకలో పెట్టుకుని ఇంటికి నడుస్తాడు.