తమ్ముడికి ఎక్కించిన ప్లేట్‌లెట్లు

మా తమ్ముడికి డెంగ్యూ వచ్చింది మిరపచేను పూతకొచ్చిన రోజుల్లో. దర్శి దగ్గర మా ఊళ్లో కౌలుకు చేసేవాడు. మందు కొట్టడానికి డ్రమ్ముల్లో నీళ్లు పట్టి ఉంచేవాడు. దోమ అక్కడ కుట్టిందో, ఇంట్లో కుట్టిందో తెలియదు.

కొన్నాళ్లు కాల్చేసిన జ్వరం ఒక పొద్దున తగ్గింది. లేచి కూర్చుని పప్పన్నం అడిగాడు. అమ్మ దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. మధ్యాహ్నానికల్లా కడుపునొప్పి మొదలైంది. చేతులు చల్లబడ్డాయి, చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. ఒంగోలు తీసుకెళ్లాం.

"ఈ జబ్బులో జ్వరం తగ్గాకే ప్రమాదమమ్మా," అన్నారు డాక్టరు గారు. "ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. రక్తం ఆగట్లేదు. ఎక్కించాలి, దాతను పిలిపించండి."

తమ్ముడి చిన్ననాటి స్నేహితుడు మా వీధిలోనే టైలరు. ఫోన్ చేయగానే, కుడుతున్న చొక్కా మిషను మీదే వదిలేసి వచ్చాడు. గ్రూపు కలిసింది. అతని రక్తాన్ని ఒక యంత్రం లాక్కుని, ప్లేట్‌లెట్లు మాత్రం ఉంచుకుని, మిగతాది తిరిగి అతనికే పంపింది. సంచీలో చేరింది లేత పసుపు రంగు నీళ్లలా ఉంది.

"ఏరా, సూదంటే భయం గదరా నీకు?" అన్నాడు తమ్ముడు మంచంలోంచి, అతను వార్డులోకి రాగానే.

"మాట్లాడకుండా పడుకోరా."

ఆ రాత్రే సంచీ ఎక్కించారు. తెల్లారాక తమ్ముడు పోయాడు.

మట్టి చేసి అందరూ వెళ్లిపోయాక ఆ స్నేహితుడు నా దగ్గరికొచ్చాడు. మోచేతి దగ్గర ప్లాస్టరు ఇంకా తీయలేదు.

"అక్కా, నా రక్తం వాడికి పడలేదా?"

డాక్టరు గారు నాకు చెప్పిందే చెప్పాను. "నీ రక్తంలో ఏ లోపమూ లేదురా. వైరస్ మీద ఒళ్లు చేసే పోరాటంలో రక్తనాళాలే వాచి, చిల్లులు పడ్డట్టు లోపలి నీరంతా కారిపోయిందంట. ప్లేట్‌లెట్లు రక్తాన్ని గడ్డకట్టిస్తాయి గానీ ఆ కారడాన్ని ఆపలేవంట. పైగా వాడి ఒళ్లే వాటిని చంపేస్తా ఉంది."

"నేనిచ్చినవి కూడానా?"

"అవి కూడా."

అతను అక్కడే మట్టి మీద కూర్చుండిపోయాడు. నేనూ పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం.

ఆ ఏడు మా చేనులో కాయ అతనే మనుషుల్ని పెట్టి కోయించాడు. ఇప్పటికీ బ్లడ్ బ్యాంకు వాళ్లు పిలిస్తే దుకాణం మూసి ఒంగోలు బస్సెక్కుతాడు. ఎవరికని అడగడు. తర్వాత మాత్రం, "మనిషి ఎట్లా ఉన్నాడో కనుక్కో అక్కా," అంటాడు. ఆ రోగి ఇంటివాళ్ల నంబరు కనుక్కుని ఫోన్ చేస్తాను. ఒక్కోసారి చెబుతారు. ఒక్కోసారి అటువైపు ఏడుపు వినిపిస్తుంది, ఫోన్ పెట్టేస్తాను. అతనికి చెప్పను.