అమ్మమ్మ నీళ్ళు తాగిన రోజు

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ చేసిన మహాయుద్ధం గురించి చెప్పాలంటే పర్వాలకు పర్వాలు పడతాయి. నిజానికి ఒక పేజీ చాలు. అందులో ఉన్నది నీళ్ళు తాగి ఆపుకోవడమే.

అమ్మమ్మ గర్భాశయ ముఖద్వారానికి వచ్చిన క్యాన్సర్‌ను ఆపరేషన్ చేసి తీసేశారు. రెండేళ్ళు తిరక్కుండానే అది, ఏదో మరిచిపోయి వెళ్ళినట్టు, అక్కడికే తిరిగొచ్చింది. ఈసారి విశాఖలో రేడియేషన్ పెట్టాలన్నారు. అమ్మ చేపల తట్టతో తిరగాలి కనుక, భోగాపురం దగ్గరి మా ఊరి నుంచి రోజూ అమ్మమ్మకు తోడుగా బస్సెక్కింది సెలవుల్లో ఉన్న నేనే. ఎనిమిదేళ్ళ తోడు.

నీళ్ళు తాగి, మూత్రం నిండుగా ఆపుకుని యంత్రం కింద పడుకోవాలి. అప్పుడే పేగులు పక్కకు జరిగి, దెబ్బ తినకుండా ఉంటాయట. అమ్మమ్మకు అదే చేతకాలేదు. విజయనగరం వీధుల్లో ముప్పై ఏళ్ళు చేపలమ్మిన మనిషి. చేపలు కొన్న ఏ ఇల్లూ ఆమెను మరుగుదొడ్డికి రానివ్వలేదు. అందుకని తట్ట నెత్తికెత్తాక ఇల్లు చేరేదాకా చుక్క నీళ్ళు ముట్టేది కాదు. ఇప్పుడూ నాలుగు గుక్కలకే సీసా పక్కన పెట్టేసేది. వరుసగా రెండు రోజులు నిండలేదని వెనక్కి పంపారు. ఇలా మానేస్తే వైద్యం పనిచేయదని నర్సు చెప్పింది.

మూడో రోజు అమ్మమ్మ లేచి నిలబడింది. “పోదాం పదే గుంటా. నా వల్ల కాదు.”

నేను సీసా ఎత్తి సగం తాగేశాను. ఎందుకో తెలీదు. దాహం కూడా లేదు.

“ఏటే, నీకా రోగం?” అని, మిగతా సగం తను తాగింది. తర్వాత ఇంకో సీసా.

కాసేపటికి నేను మెలికలు తిరిగిపోతుంటే అమ్మమ్మ అంది. “కళ్ళు మూసుకో. నా తట్ట ఎత్తుకో. మొదట నీలం తలుపు ఇల్లు. బేరమాడతాది, తగ్గకు. అది దాటితే డాబా ఇల్లు...” అలా తను చేపలమ్మిన వీధుల్లో ఇంటింటికీ మాటలతోనే తిప్పింది.

అంతలో పిలిచారు. ఆమెను పడుకోబెట్టి అందరూ బయటికొచ్చేశారు, నర్సుతో సహా. బరువైన తలుపు మూసుకుంది. లోపల అమ్మమ్మ ఒక్కతే. బయట బల్ల మీద నేనొక్కదాన్నే, నెత్తిన లేని తట్టతో.

బయటికొచ్చాక అడిగింది. “ఎందాకా ఎల్లావే?”

“కుక్క ఉన్న ఇంటిదాకా.”

“నాను దాని పక్కింటికాడే ఉన్నాను.”

ఆ తర్వాత ఒక్కరోజూ వెనక్కి పంపలేదు. అమ్మమ్మ మరో నాలుగేళ్ళు ఉంది. ఇప్పటికీ ఏ మూసిన తలుపు ముందు ఒంటరిగా కూర్చున్నా, నీలం తలుపు ఇంటి నుంచి మొదలుపెడతాను. కుక్క ఉన్న ఇంటిదాకా బాగానే నడుస్తాను. పక్కింటికాడ ఎవరూ ఉండరు.

అన్నట్టు, ఆ ఆసుపత్రిలో ఆడవాళ్ళ మరుగుదొడ్డి రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయదు.