యీషున్ అంకుల్ గుండు సీను

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికే చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. సినిమా మధ్యాహ్నం రెండింటికి. "అమ్మా, వై సో కాంచోంగ్? టూ ఓ క్లాక్ లా" అంది మా అమ్మాయి, దుప్పట్లోంచి తల బయటపెట్టకుండానే. సింగపూర్‌లో పుట్టిన పిల్ల కదా, నా కంగారుకు ఇక్కడి మాటే వెతికి పెట్టింది. నాకు కుదురు తక్కువని మా ఇంట్లో అందరికీ తెలిసిందే. ఆ రోజు మాత్రం కంగారుకు కారణం ఉంది.

ఆ సినిమా హిప్పీల కాలం నాటిది. నలుగురు కుర్రాళ్ళు రంగులు పూసిన బస్సులో ఒక గురువును వెతుక్కుంటూ దేశాలు తిరుగుతారు. బస్సు మాట్లాడుతుంది, ఆకాశం ఊదారంగులోకి మారిపోతుంది, కథ ఎక్కడో మొదలై ఎక్కడికీ వెళ్ళదు. విడుదలైనప్పుడు ఎవరూ పట్టించుకోలేదట, పిచ్చి అభిమానులు తర్వాత తయారయ్యారు. హైదరాబాదులో డిగ్రీ చదివేటప్పుడు ఒక ఫిల్మ్ క్లబ్బులో, గీతలు పడ్డ ప్రింటులో నేను చూశాను. అందులో సింగపూర్ వీధిలో ఒక సీనుంది. భుజాల దాకా జుట్టున్న కుర్రాడొకడు పూలదండల తట్ట పట్టుకుని ఒక కొట్టు వెనక్కి వెళ్తాడు, అటువైపు నుంచి గుండుతో బయటికొస్తాడు. అది చూసి హీరో తన జుట్టు రెండు చేతులా పట్టుకుని కేకలు పెడుతూ పరిగెత్తుతాడు. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. దానికి 'గుండు సీను' అని పేరు పెట్టి, ఆ ఏడాదంతా హాస్టల్లో నటించి చూపించుకున్నాం.

మొన్న ఉగాది సంబరాల్లో భోజనాల దగ్గర అప్పన్న అంకుల్ నా పక్కన కూర్చున్నారు. ఆయన ముత్తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. అంకుల్ ఇక్కడే పుట్టి, బస్సు మెకానిక్‌గా పనిచేసి రిటైరై, భార్యతో యీషున్‌లో ఉంటున్నారు. మాటల్లో నేను ఆ సినిమా ఊసెత్తితే ఆయన తినడం ఆపి, "అందులో నేనున్నానమ్మా" అన్నారు.

ఆ గుండు కుర్రాడు ఆయనేనట. ఆయన చెల్లెలికి జ్వరం తగ్గితే కొడుకు తలనీలాలు ఇస్తానని అంకుల్ వాళ్ళమ్మ మొక్కుకుందట. కొడుకును అడగాలన్న ఆలోచన ఆవిడకు రాలేదు, మన ఇళ్ళలో ఎవరికి వస్తుంది గనక. మొదటి రోజు షూటింగ్‌లో ఆయన జుట్టుతో నడిచారు. రెండో రోజు పొద్దున్నే ఆవిడ గుడికి తీసుకెళ్ళి గుండు చేయించింది. "డైరెక్టరు నన్ను సూసి పకపకా నవ్వీసేడు. సూపర్, ఇలాగే నడు అన్నాడు" అని చెప్పారు అంకుల్. సినిమా ఇక్కడ ఆడలేదు. ఆయన దాన్ని ఎప్పుడూ చూడలేదు.

అవతల కూర్చున్న ఆయన భార్య పార్వతి ఆంటీ అప్పడం విరుస్తూ, "పెళ్ళయిన కాణ్ణించీ ఇదే కత. ఈయనకి జుట్టట, సినిమాట" అన్నారు. ఆవిడ ఇంటికొచ్చేనాటికి ఆయనది పొట్టి క్రాపు. జుట్టున్నప్పటి ఫొటో ఒక్కటీ లేదు. మనవలు కూడా తాత సినిమా అనగానే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారట. ఆంటీ ఆ మాట అన్నప్పుడు అంకుల్ ముఖం చిన్నబోయింది. నేను నోరు మూసుకుని ఊరుకునే మనిషిని కాదు కదా, "నేను చూపిస్తాను ఆంటీ" అనేశాను.

అక్కణ్ణించి మొదలయ్యాయి నా తిప్పలు. ఇంటర్నెట్‌లో దొరికిన కాపీల్లో అసలు సింగపూర్ భాగమే లేదు. ఇంతలో సిటీ హాల్ స్టేషన్ దగ్గర ఒక చిన్న హాల్లో, బాగుచేసిన కొత్త ప్రింటు ఒక్క ఆట వేస్తున్నారని తెలిసింది. టికెట్ పదిహేను డాలర్లు, పెద్దవాళ్ళకు కొంత తగ్గింపు. మూడు కొన్నాను. ఇందులోనైనా పూర్తిగా ఉందా అని మెయిల్ రాస్తే, "పూర్తి నిడివి అనే అనుకుంటున్నాం" అని జవాబిచ్చారు. ఆ 'అనుకుంటున్నాం' నాకు నిద్ర లేకుండా చేసింది. సీను లేకపోతే ఆయన మాట ఇక జన్మలో ఎవరూ నమ్మరు.

మా టాంపినీస్ నుంచి యీషున్‌కు ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా నేరుగా బస్సుంది. బస్సు బయల్దేరే ఇంటర్‌చేంజ్‌లో ఎక్కితే సీటు దొరుకుతుంది, గంటలోపే దింపుతుంది. దొరికిన సీట్లో నేను కూర్చున్నది తక్కువ, లేచి రోడ్డు చూసింది ఎక్కువ. పక్కనున్న పెద్దాయన, "నెక్స్ట్ స్టాపా?" అని రెండుసార్లు అడిగి, నా వాలకం చూసి మూడోసారి అడగలేదు.

అంకుల్ అప్పటికే తయారై లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, సెంటు. "ఏటమ్మా, అప్పుడే వచ్చీసేవు" అన్నారు గానీ ఆయనా ఎంతసేపట్నుంచి నిలబడ్డారో తెలియదు. ఆంటీ మాత్రం తాపీగా తలుపుకు తాళం వేశారు.

ట్రైన్‌లో మా ఎదుట జుట్టు ముడేసుకున్న కుర్రాడొకడు కూర్చున్నాడు. అంకుల్ వాడినే చూస్తూ, "మా టైములో గవర్నమెంటాఫీసుకెల్తే నిన్ను లాస్టులో పిలుస్తారు, నో?" అన్నారు ఇంగ్లీషులో. ఆ రోజుల్లో జుట్టు పెంచిన మగవాళ్ళకు ఇక్కడ అలాగే జరిగేది. కుర్రాడు నవ్వి, "ఇప్పుడైతే క్యూ నంబరే కదా అంకుల్" అన్నాడు. అంకుల్ నవ్వలేదు. పొట్టిగా క్రాపు చేసిన తన తలను ఒకసారి తడుముకున్నారు.

పన్నెండున్నరకు హాకర్ సెంటర్ తిండి కొట్ల దగ్గర మకాన్, అంటే భోజనం, అయింది. ఆంటీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ముగ్గురికీ చోటు చోప్ చేశారు, అంటే ఇంకెవరూ కూర్చోకుండా పట్టి ఉంచారు. చేప ముక్కల బీహూన్ సేమ్యా నాకు గొంతు దిగలేదు. అంకుల్ సగం వదిలేశారు. ఆంటీ ఇద్దరి గిన్నెలూ చూసి, "అయ్యో అలామాక్, మీ ఇద్దర్లో సినిమాలో ఏసిందెవరు?" అన్నారు.

హాలు కౌంటర్లో ఉన్న కుర్రాణ్ణి సింగపూర్ సీను ఉందా అని అడిగాను. "నేనింకా చూడలేదు ఆంటీ" అన్నాడు. ఆ 'ఆంటీ'తో కలిపి నాకు రెండు దెబ్బలు. లోపల సీట్లకు నంబర్లున్నా సరే, బాత్రూంకి వెళ్తూ పార్వతి ఆంటీ తన సీటు మీద మళ్ళీ టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పాతికేళ్ళ లోపు పిల్లలు, పూల చొక్కాలు వేసుకుని వచ్చారు.

సినిమా మొదటి గంట గురించి నిజం చెప్పాలంటే, విసుగొచ్చింది. మాట్లాడే బస్సు అప్పుడు నవ్వించింది, ఇప్పుడు వాగుతున్నట్టుంది. రంగుల సుడులు చూస్తే తల తిరిగింది. ఇదా నేను ఇన్నేళ్ళు అందరికీ గొప్పగా చెప్పుకున్నది అనిపించి సిగ్గేసింది. గురువును వెతుకుతూ బస్సు ఓడెక్కేసరికి మాత్రం నేను సీటు అంచుకు వచ్చేశాను. పాత కాపీల్లో తెగిపోయింది ఇక్కడే. అంకుల్ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు.

తెర మీద సింగపూర్ రేవు వచ్చింది. ఆ తర్వాత వీధి, పూలకొట్టు. భుజాల మీద జుట్టు ఊగుతుండగా తట్టతో నడుస్తున్న కుర్రాడు. ముక్కు, చెవులు, ఆ పక్కకి ఒరిగే నడక, అన్నీ అంకుల్‌వే. ఆంటీ ముందుకు వంగారు. కుర్రాడు కొట్టు వెనక్కి వెళ్ళాడు. గుండుతో ఇవతలికొచ్చాడు. హాలంతా గొల్లుమంది, వెనక వరస చప్పట్లు కొట్టింది.

నా నోట్లోనూ నవ్వు సిద్ధంగా ఉంది. అంతలో ముఖం కనిపించింది. హాస్టల్ రోజుల్లో మేం గీతల మధ్య చూసింది గుండు ఒక్కటే. ఈ ప్రింటులో కళ్ళు కూడా ఉన్నాయి. అవి ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. చెంపల మీద తడి మెరుస్తోంది, కింది పెదవి అదురుతోంది. కుర్రాడు ఏడుస్తూ నడుస్తున్నాడు.

పార్వతి ఆంటీ లేచి నిలబడ్డారు. వెనక్కి తిరిగి, నవ్వుతున్న వాళ్ళందరితో, "వై యూ ఆల్ లాఫ్? ద బాయ్ ఈజ్ క్రయింగ్. కెన్నాట్ సీ, ఆ?" అన్నారు. గొంతు పెద్దదేమీ కాదు గానీ హాలంతా వినిపించింది. నవ్వు ఆగిపోయింది. తెర మీద హీరో ఒక్కడే కేకలు పెడుతూ పరిగెత్తాడు. అంకుల్ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

నాలుగున్నరకు సిటీ హాల్ స్టేషన్‌లో ఉన్నాం. నేను అక్కడే టాంపినీస్ వైపు ట్రైన్ ఎక్కాలి. కాళ్ళు అటు వెళ్ళలేదు, వాళ్ళతోపాటు యీషున్ ట్రైన్ ఎక్కేశాను. సీటు దొరికినా కూర్చోబుద్ధి కాక వాళ్ళ ఎదుట కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఈ సినిమా చూడబోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే: మొదటి గంట ఓపిక పట్టండి, గుండు సీను దగ్గర కుర్రాడి ముఖం చూడండి. మిగతాదంతా పాతబడింది, ఆ ముఖం పాతబడలేదు.

బిషాన్ స్టేషన్ దాటాక అంకుల్ తనంతట తనే మాట్లాడారు. "నాలుగ్రోజులాగమ్మా, షూటింగ్ అయిపోతాదని మా యమ్మ కాళ్ళట్టుకున్నాను. దేవుడి మొక్కు ఆపకూడదని మా యమ్మ ఇనలేదు. అక్కడికెల్తే డైరెక్టరు అందర్లో తిట్టీసేడు. ఒక్కసారి నడిసి పొమ్మన్నాడు. నడిసి ఇంటికెల్లిపోనాను. అది తీసేసుంటారనే అనుకున్నాను."

"మరి డైరెక్టరు నవ్వేడని నాకెందుకు సెప్పేవు?" అన్నారు ఆంటీ.

"సినిమాలో ఉన్నానంటేనే నువ్వు నమ్మలేదు. ఏడ్సేనంటే నమ్మీదానివా?"

ఆంటీ కొంచెంసేపు ఆయన తలవైపు చూశారు. తర్వాత చేత్తో ఆ పొట్టి క్రాపును వెనక్కి దువ్వారు, పొడుగు జుట్టును సర్దినట్టు.

"ఏడ్సేనని సెప్పుంటే పెళ్ళినాడే నమ్మీదాన్ని మావా" అన్నారు.