ఆవిడ మీకేమవుతారు?

వసుంధరగారు శ్రావణమాసం రెండో శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకి పడిపోయారు. ఇది జరిగి నాలుగేళ్ళయింది. ఇవాళ పొద్దున్న మా కోడలు పొయ్యి మీద శొంఠి కాఫీ పెట్టి ఫోనులో కబుర్లలో పడింది. గిన్నె మాడి ఇల్లంతా ఆ వాసన పట్టింది. కోడల్ని తిడదామని లేచినదాన్ని గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ రోజు మా మేడ మీద నుంచి దిగివచ్చింది కూడా ఈ వాసనే.

ఆవిడ మీకెవరికీ తెలియదు కాబట్టి మొదటినుంచీ చెప్తాను. రాజమండ్రి కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయి, నరసాపురంలో మా మేడ మీద గదిలో అద్దెకి దిగారు. పెళ్ళెందుకు చేసుకోలేదని వచ్చిన రోజే అడిగాను, నా నోరు అలాంటిది. "తీరిక దొరకలేదండి," అని నవ్వారు. అప్పటికి నాకు అరవై దాటాయి. లేసు అల్లే సూది తప్ప పెన్ను పట్టి ఎరగను. బస్టాండులో బోర్డు చదివిపెట్టమని అడగాల్సివస్తే, కళ్ళజోడు మర్చిపోయానని చెప్పేదాన్ని. నాకసలు కళ్ళజోడే లేదు. ఓసారి ఆవిడ పక్కనుండగానే ఆ మాట అన్నాను. బోర్డు ఆవిడే చదివిపెట్టారు. ఇంటికొచ్చాక, "సాయంత్రం పైకి రండి మంగమ్మగారూ, ఆ కళ్ళజోడేదో చేయిద్దాం," అన్నారు. పాల ప్యాకెట్టు మీద అక్షరాలతో మొదలుపెట్టాం. ఏడాది తిరిగేసరికి కూడబలుక్కుంటూ పేపరు చదివాను.

ఆ తర్వాత ఆవిడకే నాతో పని పడింది. పాత కాలేజీవాళ్ళు ఆవిడకొక సర్వే అప్పగించారు. ప్రశ్నలు ఫోనుకి వస్తాయి, ఆడవాళ్ళు ఎవరికి వారు చదివి జవాబు నొక్కాలి. బెంగ వస్తే ఎవరితో చెప్పుకుంటారు, గోదారి పొంగితే ఎవరింటికి పోతారు, ఇలాంటివి. "మనిషి చుట్టూ ఎవరెవరున్నారో, ఆ అల్లిక ఎంత గట్టిదో కొలవాలండి," అనేవారు. ప్రతి ప్రశ్నా ముందు నా చేతికే వచ్చేది. నేను చదువుతుంటే ఆవిడ పక్కన కూర్చుని ఎక్కడ ఆగుతానో చూసేవారు. మొట్టమొదటిది ఇలా ఉంది: 'గడచిన ఆరు మాసాలలో మీకు ప్రాముఖ్యత గల అంశాలను ఎవరెవరితో చర్చించారు?' అది పూర్తయ్యేసరికి నాకు చెమటలు పట్టాయి.

"అర్థం కాలేదండి. నాకింకా చదువు సరిగ్గా రాలేదు," అన్నాను.

"చదివారు కదండీ. చదివినా అర్థం కాలేదంటే తప్పు రాసినవాళ్ళది, మీది కాదు. రాసింది నేనే. మీరైతే ఎలా అడుగుతారు?"

"చర్చించడమేంటండి, నేనేమన్నా అసెంబ్లీలో కూర్చున్నానా? బెంగగా ఉంటే ఎవరితో చెప్పుకుంటావే, అని అడుగుతాం."

"ఆ 'వే' తీసేస్తే సరిపోతుంది," అని అప్పటికప్పుడు మార్చేశారు. రాసినవాళ్ళది తప్పు అనే మాట అంతకుముందు నాతో ఎవరూ అనలేదు.

ముందుగా మా వీధిలో లేసు అల్లేవాళ్ళ ఫోన్లకి పంపి చూశారు. జవాబులు వచ్చాక నన్ను పైకి పిలిచారు. "మంగమ్మగారూ, మీ వీధిలో ఎవరికీ ఇరుగుపొరుగు లేరా? స్నేహితులు లేరా? అందరికీ అందరూ చుట్టాలేనట. మీరు కూడా పక్కింటి మరియమ్మగారిని చుట్టమనే నొక్కారు."

"పిన్ని కదండి మరి."

"మీ అమ్మగారి చెల్లెలా?"

"అదేంటండి, వాళ్ళు చర్చికెళ్ళేవాళ్ళు. మాకూ వాళ్ళకీ చుట్టరికం ఎక్కడిది?"

ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా వైపు గుమ్మం దాటి లోపలికొచ్చిన మనిషికి వరస కలిపాకే కాఫీ ఇస్తాం. అందుకని 'మీకేమవుతారు' అన్న ఆ ఒక్క ప్రశ్నని రెండు చేశారు: ఏమని పిలుస్తారు, పుట్టుకవల్లో పెళ్ళివల్లో చుట్టమా, కాకపోతే ఏమవుతారు. ఆ కొత్తది నాకే ఇచ్చి నింపమన్నారు. బెంగ వస్తే చెప్పుకునేవాళ్ళలో ఆవిడ పేరు కూడా రాశాను. 'ఏమని పిలుస్తారు' అంటే 'మేడంగారు' అని రాశాను. ఆ కిందదాని దగ్గర వేలు ఆగిపోయింది. చుట్టం, ఇరుగుపొరుగు, స్నేహితులు, ఇతరం. ఊరందరికీ వరసలు కలిపినదాన్ని ఆవిడకి మాత్రం కలపలేదు. చదువుకున్నావిడ, ఏమనుకుంటారోనని జంకు.

"ఏదీ కుదరకపోతే 'ఇతరం' నొక్కండి," అన్నారు.

"అదేదో విరిగిన కుర్చీలు పడేసే గదిలా ఉందండి. అందులో మిమ్మల్ని వెయ్యను."

"అలాంటి గది ఒకటుండాలండి. లేకపోతే మనిషి అబద్ధం చెప్తాడు."

నేను నొక్కలేదు. ఫోను అక్కడే పెట్టి దిగి వచ్చేశాను. అది గురువారం.

మర్నాడు నోముకి తెచ్చిన శనగలు పంచి కూర్చున్నానో లేదో, పైనుంచి శొంఠి కాఫీ మాడిన వాసన వచ్చింది. పైకి వెళ్తే ఆవిడ పొయ్యి పక్కన నేల మీద ఉన్నారు. నోరు ఒక పక్కకి పోయింది, మాట లేదు. మా ఇంటాయన పరుగెత్తి ఆటో తెచ్చారు. భీమవరం ఆసుపత్రిలో డాక్టరు, ఇంజక్షను వెంటనే పడాలి, ఆలస్యమైతే మాట తిరిగిరాదు, సొంతవాళ్ళెవరైనా సంతకం పెట్టాలన్నాడు. ఆవిడ తమ్ముడు నాగపూరులో ఉంటాడు, ఫోను ఎత్తడం లేదు. కౌంటరులో పిల్ల కాగితం ముందు పెట్టి అడిగింది.

"ఆవిడ మీకేమవుతారండి?"

మా ఇంటాయన, "మా ఇంట్లో అద్దెకుంటారమ్మా," అన్నారు.

"అలా కుదరదండి. చుట్టాలు కావాలి."

"అక్క," అన్నాను.

"సొంత అక్కా?"

"సొంతమే. కాగితం ఇటివ్వు."

ఆ పిల్ల నా వాలకం చూసి వేలిముద్రకి సిరాపెట్టె తోసింది. దాన్ని పక్కకి జరిపి పెన్ను తీసుకున్నాను. అక్షరం తప్పకుండా సంతకం పెట్టాను.

పది రోజులకి కాస్త మాట వచ్చింది. కూడదీసుకుని నాతో అన్న మొదటి మాట: "నేను మీకన్నా... నాలుగేళ్ళు చిన్నదాన్నండి."

"అక్షరాల్లో పెద్దవారు. పడుకోండి," అన్నాను.

ఇంటికొచ్చాక ఆవిడ చేసిన మొదటి పని, ఆ 'ఇతరం' తీయించి అక్కడ ఖాళీ గడి పెట్టించడం. పైన 'మీ మాటల్లో చెప్పండి' అని ఉంటుంది. ఆ తర్వాత మూడేళ్ళు మా మేడ మీదే ఉన్నారు. నిరుడు నిద్రలోనే పోయారు. ఇప్పుడు బ్యాంకులో గానీ ఆఫీసులో గానీ అర్థంకాని కాగితం చేతికిస్తే నేను కళ్ళజోడు వంక పెట్టను. "ఇది సరిగ్గా రాయలేదండి, నాకర్థమయ్యేలా చెప్పండి," అని అక్కడే నిలబడతాను. వెనక వరసలోవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఆ రోజు ఆసుపత్రిలో ఉన్నవాళ్ళం వీళ్ళం. ఆటో తోలిన సూరిబాబు, నాకు మేనల్లుడి వరస. దారి పొడుగునా ఆవిడ తల ఒళ్ళో పెట్టుకు కూర్చున్న మరియమ్మ పిన్ని. మా ఇంటాయన, పేరు నేను రాయను, అడగొద్దు. కౌంటరులో దుర్గ, ఇప్పుడు నన్ను పెద్దమ్మా అంటుంది. నేను, మంగమ్మని. మా అక్క వసుంధర.